రెండోసారి రాయనివ్వండి



గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం నాటకాన్ని రెండుసార్లు రాశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. మొదటి కూర్పు 1897, రెండో కూర్పు 1909. పరీక్షలో అదొక మార్కు ప్రశ్న. ఆ రెండు సంవత్సరాల్నీ నేను కూడా బట్టీపట్టి రాసి ఆ మార్కు తెచ్చుకున్నదాన్నే. డిగ్రీలో చేరాక, రెండు కూర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టినప్పుడు గానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న పన్నెండేళ్ళు నాకు కనబడలేదు.

ఒకసారి ఆలోచించి చూడండి. 1892లో మా విజయనగరంలోనే మొదటిసారి ఆడిన నాటకం అది. జనం మెచ్చుకున్నారు. అచ్చయింది, పేరొచ్చింది. అక్కడితో ఆపేసినా గురజాడ గారిని ఎవరూ ఏమీ అనేవారు కారు. ఆయన ఆపలేదు. ఐదంకాల నాటకం ఏడంకాలైంది. మొదటి కూర్పులో అంతగా ప్రాముఖ్యం లేని మధురవాణి, రెండోదానికి వచ్చేసరికి నాటకాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. పాత రాతకి అక్కడక్కడా మెరుగులు పెడితే అలా రాదు. ఆ మనుషుల దగ్గరికి మళ్ళీ వెళ్ళి, వాళ్ళని మళ్ళీ చూసి, వాళ్ళ మాట మళ్ళీ విని రాస్తేనే వస్తుంది. మొదటి కూర్పు చాలాకాలం ఎవరికీ అందుబాటులో లేదు. నెల్లూరి మనిషి బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి గారు, 1969లో దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఆ పని ఆయన చేసి ఉండకపోతే, ఒక గొప్ప రచయిత తన రాతనే ఎలా దిద్దుకున్నాడో చూసే అవకాశం నాలాంటి విద్యార్థులకు దొరికేది కాదు. బంగోరె గారికి నేను ఎంతో రుణపడి ఉన్నాననిపిస్తుంది.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ రెండోసారి గురించే.

బడిలో మనకి రాయడం ఎలా నేర్పుతారో మీ అందరికీ తెలుసు. ఆగస్టు 15కో, బాలల దినోత్సవానికో వ్యాసరచన పోటీ పెడతారు. ఒక అంశం ఇస్తారు. గంటసేపు రాస్తాం. "నేటి ఆధునిక యుగంలో" అని మొదలుపెడితే చెయ్యి దానంతటదే సాగిపోతుంది. నడుమ రెండు సూక్తులు, చివర "కావున విద్యార్థులమైన మనమందరం" అని ఒక ప్రతిజ్ఞ. కాగితాలు తీసుకుంటారు. గెలిచినవాళ్ళకి స్టీలు గ్లాసో, నిఘంటువో ఇస్తారు. ఆ కాగితం మాత్రం మళ్ళీ మన చేతికి రాదు. అందులో ఏ వాక్యం బాగుంది, ఏది డొల్లగా ఉంది అని ఎవరూ చెప్పరు. పరీక్ష పేపరు సంగతి కూడా అంతే. మార్కులు వస్తాయి గానీ రాసింది వెనక్కి రాదు. ఒకే విషయాన్ని రెండోసారి రాసే అవకాశం పదోతరగతి దాటేదాకా, ఇంటర్ దాటేదాకా మనలో చాలామందికి ఒక్కసారి కూడా రాదు. మాట్లాడ్డం, నడవడం, ఈత కొట్టడం, ఏదైనా మళ్ళీ మళ్ళీ చేస్తేనే వస్తుందని ఒప్పుకునే మనం, రాయడం మాత్రం మొదటిసారికే రావాలనుకుంటాం. నాకు ఇది చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

డిగ్రీలో మా తెలుగు మేడమ్ ఒకరోజు, మీకు బాగా తెలిసిన మనిషి గురించి ఒక పేజీ రాసుకురండి అన్నారు. మా నాన్నకి సైకిలు షాపు ఉంది. నాన్న గురించి రాశాను. ఆ మొదటి పేజీ నా దగ్గర ఇంకా ఉంది, చదువుతాను వినండి. "మా నాన్నగారు కష్టజీవి. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబం మాది. ఆయన రాత్రనక పగలనక చెమటోడ్చి మమ్మల్ని చదివిస్తున్నారు. ఆయన త్యాగం వెలకట్టలేనిది."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మేడమ్ కూడా తప్పని అనలేదు. ఒక్కొక్క వాక్యం పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, నన్ను కూర్చోబెట్టి అడిగారు: "ఈ వాక్యం నీ పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ నాన్నకి సరిపోతుందా?" సరిపోతుంది. "దీని తరవాతది?" అదీ సరిపోతుంది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న జూట్ మిల్లులో పని చేస్తారు. ఇద్దరు నాన్నలకీ ఒకే పేజీ అతికినట్టు సరిపోయింది. అప్పుడు మేడమ్ ఇంకో ప్రశ్న వేశారు. "పొద్దున్న షాపు తీశాక మీ నాన్న చెయ్యి మొదట దేన్ని ముట్టుకుంటుందమ్మా?"

ఆ ఆదివారం షాపుకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని చూశాను. షట్టరు ఎత్తగానే నాన్న ముందు బేసిన్‌లో నీళ్ళు మారుస్తాడు. పంచరు బండి వస్తే చక్రం ఊడదీయడు. బండిని పక్కకి వాల్చి, రెండు ఇనప బద్దలతో టైరు అంచు లేపి, ట్యూబు బయటికి లాగుతాడు. గాలి కొట్టి, దాన్ని నీళ్ళలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పుతాడు. బుడగ లేచినచోట వేలు ఆగిపోతుంది. ఆ వేలు తీయకుండానే రెండో చేత్తో గుడ్డ అందుకుని తడి తుడుస్తాడు. ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ముక్క అతికించి, చిన్న సుత్తితో తడతాడు. ట్యూబు లోపల పెట్టేముందు టైరు లోపలి వైపంతా వేళ్ళతో తడుముతాడు. ముల్లో, మేకో, గాజుపెంకో ఇంకా అక్కడే ఉంటే వేసిన పంచరు వీధి చివరిదాకా కూడా నిలవదు మరి.

ఇదంతా రాసి నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఏడో తరగతి దాకా చదువుకున్నారు. శ్రద్ధగా విని, ఒకచోట ఆపారు. "సొల్యూషన్ రాసీగానే ముక్క అతికించీడమేటమ్మా? ఆరాలి కదా. నానాగి ఊదుతాను. నువ్వు చూళ్ళేదేటి?" అన్నారు.

చూడలేదు. మళ్ళీ వెళ్ళాను. సొల్యూషన్ రాశాక నిజంగానే ఆగుతాడు. ట్యూబుని మొహం దగ్గరికి తెచ్చుకుని ఊదుతాడు. వేలి కొసతో తాకి చూసి, ఇంకా ఆరలేదని పక్కన పెడతాడు. బండి తెచ్చిన మనిషితో నాన్న మాట్లాడేది ఆ కాసేపట్లోనే. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరి కొడుక్కి విశాఖపట్నంలో పని దొరికింది, చెరువులోకి నీళ్ళు వచ్చాయా లేదా, మా వీధి సంగతులన్నీ ఆ సొల్యూషన్ ఆరేలోపలే మా షాపులో తెలుస్తాయి. నాన్నని అందరూ ఎందుకు అంత ఇష్టపడతారో నాకు అక్కడ అర్థమైంది. "త్యాగం" అని రాసినప్పుడు నాకు తెలియని సంగతి ఇది. మూడోసారి రాసిన పేజీలో నాన్న మంచివాడనే మాట ఎక్కడా లేదు. క్లాసులో చదివితే, ఆ జూట్ మిల్లు అమ్మాయే, "ఒకసారి మీ షాపుకి వస్తానే, మీ నాన్నగారితో మాట్లాడాలి" అంది.

నాన్న దిద్దింది ఒక్క వాక్యమే. కానీ రాసినదాన్ని ఎవరి గురించి రాశామో వాళ్ళకే చదివి వినిపించాలని అప్పుడు తెలిసింది. పని తెలిసిన మనిషికి రాతలోని తప్పు వెంటనే చెవికి తగులుతుంది. వ్యాకరణం తప్పుల్ని మేడమ్ పట్టుకుంటారు. పనిలోని తప్పుని నాన్నే పట్టుకోవాలి.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. నాన్న మాటని నేను మొదట "సొల్యూషన్ పూసిన వెంటనే అతికించకూడదు తల్లీ" అని రాశాను. చదివితే ఎవరో టీవీ సీరియల్లో తండ్రి మాట్లాడుతున్నట్టుంది. మా నాన్న అలా అనరు. ఆయన అన్నది అన్నట్టే రాస్తే, ఊరి మాట రాసిందని ఎవరైనా అనుకుంటారేమోనని కాసేపు ఆలోచించాను.

మా ఉత్తరాంధ్రలో ఈ ఆలోచన కొత్తది కాదు. నూరేళ్ళ కిందట ఇక్కడివాళ్ళే దీని మీద పోరాడారు. గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అప్పటికి లిపి లేని సవర భాషని, ఆ భాష మాట్లాడే మనుషుల దగ్గర విని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అంత శ్రద్ధగా విన్న మనిషికి తన తెలుగు వినబడకుండా ఉంటుందా? తెలుగు పిల్లలు తాము మాట్లాడని భాషలో ఎందుకు రాయాలని ఆయన ప్రశ్నించారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాలే తిరగేసి, వాళ్ళ గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించారు. విద్యార్థుల కాంపోజిషన్ ఏ భాషలో ఉండాలనే వివాదం మద్రాసు విశ్వవిద్యాలయం దాకా వెళ్ళింది. వాడుక భాష పక్షాన గురజాడ గారు 1914లో అక్కడ తన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. అంటే, ఆయన చివరి రోజుల్లో పెట్టిన శ్రమలో కొంత నాలాంటి కాలేజీ పిల్లల కాంపోజిషన్ నోటుబుక్కు కోసం పెట్టినది. ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ రోజు వాళ్ళ వాదన నెగ్గలేదు. కాలక్రమంలో నెగ్గింది. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. కానీ నా తోటి విద్యార్థుల రాతలు చూస్తే, మనం ఇంకో గ్రాంథికంలోకి జారుకున్నామేమో అనిపిస్తుంది. "సమావేశం నిర్వహించడం జరిగింది", "బహుమతులు అందజేయబడినవి". ఇవి ఏ ఇంట్లోనూ, ఏ వీధిలోనూ వినబడవు. వీటిలో పనిచేసిన మనిషి మాయమైపోతాడు. ఎవరు జరిపారు? ఎవరు ఇచ్చారు? నోటీసు బోర్డు నుంచి ఈ తెలుగు మన వ్యాసాల్లోకి, అక్కడినుంచి మన ఉత్తరాల్లోకి కూడా వచ్చేసింది. మరోపక్క అదే విద్యార్థులు ఫోన్‌లో స్నేహితులకి ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు ఎంత చురుగ్గా, ఎంత సొగసుగా ఉంటుందో! ఆ చురుకు కాగితం మీదికి రావాలి. రాకపోవడానికి కారణం పిల్లలకి భాష రాకపోవడం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాగితం మీద తమ మాట చెల్లదని వాళ్ళకి ఎవరో చెప్పారు.

నాన్న మాటని నాన్న మాటగానే ఉంచాను. విశాఖపట్నంలో వకీలుగా ఉండి, కోర్టుకి వచ్చే బీదాబిక్కీ మాటల్ని 'ఆరు సారా కథలు'లో వినిపించిన రావిశాస్త్రి గారు నాకు ధైర్యం చెప్పినట్టయింది. పాకాల యశోదారెడ్డి గారి 'మా ఊరి ముచ్చట్లు' చదివితే తెలంగాణ పల్లె ఆడవాళ్ళు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంటుంది. నామిని చిత్తూరు జిల్లా మాటలో కథ మొత్తం చెప్పేస్తారు. నేను ఇంకా అక్కడిదాకా వెళ్ళలేదు. మనుషుల మాటలు వాళ్ళవిగానే ఉంచి, కథ చెప్పే భాష మాత్రం నాదిగా రాస్తున్నాను. కాలేజీకి వచ్చాక నా మాట నాన్న మాటకి కొంచెం దూరమైంది. ఆ దూరాన్ని దాచడం కూడా ఇష్టం లేదు. దీన్ని ఎలా తేల్చుకోవాలో రాస్తూ రాస్తూ తెలుసుకోవాలి.

చదవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాయడం నేర్చుకోవాలంటే బాగా చదవమని అందరూ అంటారు. ఎలా చదవాలో చెప్పేవాళ్ళు తక్కువ. కథ ఏమవుతుందోనని చదివేటప్పుడు వాక్యం కనబడదు. అందుకే నచ్చిన కథని రెండోసారి చదివేటప్పుడు ఒక పేజీ చేత్తో రాసుకుంటాను. చాగంటి సోమయాజులు గారు, చాసో, మా ఊరి రచయిత. ఆయన కథ 'ఎందుకు పారేస్తాను నాన్నా' అలా రాసుకున్నాను. ఇంట్లో గడవక బడి మానిపించిన పిల్లవాడి కథ అది. ఆ పిల్లవాడు ఎంత కుమిలిపోతున్నాడో చెప్పడానికి చాసో విశేషణాలు పేర్చరు. పిల్లవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎటు చూశాడు, ఏం అడిగాడు, అంతే. చదివేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. రాసుకునేటప్పుడు, ఆ ఏడుపు ఏ వాక్యం దగ్గర మొదలైందా అని వెతికితే, ఆ వాక్యంలో ఏడుపు మాటే లేదు. చేత్తో రాస్తే పెన్ను నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి ఇలాంటివి పట్టుబడతాయి.

శ్రీకాకుళంలో కథానిలయానికి మా క్లాసువాళ్ళం వెళ్ళాం. కాళీపట్నం రామారావు గారు, అందరూ కారా మాస్టారు అనే ఆయన, 1997లో దాన్ని నెలకొల్పారు. గోడల మీద తెలుగు కథకుల ఫొటోలు వరసగా ఉంటాయి. విశాఖలో బడిపంతులుగా పనిచేసిన ఆ మనిషి తను రాసిన కథలు కొద్దే. ఇతరుల కథలు చదవడానికి, పోగుచెయ్యడానికి, కొత్తవాళ్ళకి కథ ఎలా నడుస్తుందో విడమరిచి చెప్పడానికి మాత్రం జీవితంలో చాలా భాగం ఇచ్చేశారు. 'యజ్ఞం' రాసిన మనిషి ఇంకా రాసి ఉంటే బాగుండేదని బాధపడేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. నేను వెళ్ళేసరికి ఆయన లేరు, 2021లో పోయారు. కానీ ఆ బీరువాల ముందు నిలబడితే, ఇంతమంది ఇంత శ్రద్ధగా రాసిన భాషలో నేనూ రాయబోతున్నానన్న భయమూ సంతోషమూ కలిసి వచ్చాయి.

ఈ రేడియో ప్రసంగం తయారుచేస్తున్నప్పుడు ఇంకొకటి తెలిసింది. పుస్తకంలో వాక్యం అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి చదువుకుంటాం. రేడియో వినేవాళ్ళకి ఆ వీలు లేదు. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. దాని ముందు "వెళ్ళి, చూసి, తీసి, పెట్టి" అని ఎన్నయినా తగిలించుకుంటూ పోవచ్చు. వినేవాళ్ళు ఆ చివరి మాట కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూడాలి. అందుకని రాసిందంతా ఫోన్‌లో రికార్డు చేసుకుని, వంటింట్లో అమ్మ కూరలు తరుగుతుంటే పెట్టి వినిపించాను. అమ్మ ఎక్కడ "ఏటి, ఏటన్నావు?" అని అడిగిందో అక్కడ వాక్యం విరగ్గొట్టాను. పొడుగు వాక్యాలన్నీ చెడ్డవని కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథల్లో ఆడవాళ్ళు మాట్లాడుతుంటే వాక్యం ఎంత పొడుగు సాగినా ఎక్కడా తడబడం. అది నోటితో అన్న వాక్యం కాబట్టి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అందులోనే ఉంటుంది. నాది కాగితం మీద పుట్టిన పొడుగు. ఆ తేడా కంటికి తెలియలేదు, అమ్మ చెవికి తెలిసింది.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు మా కాలేజీలో కొందరం కూర్చుంటున్నాం. ఒకరు రాసింది చదువుతారు. మిగతావాళ్ళు బాగుంది, బాగులేదు అనకూడదని నియమం పెట్టుకున్నాం. ఎక్కడ మనిషి కళ్ళకి కట్టాడో, ఎక్కడ మనసు పక్కకి పోయిందో మాత్రం చెప్పాలి. వారం తిరిగేసరికి చదివినవాళ్ళు అదే రాతని మళ్ళీ రాసి తేవాలి. కొత్తది తెస్తానంటే ఒప్పుకోం. మొదట్లో అందరికీ ఇది కష్టమనిపించింది. రాసేసిన దాని మీదికి మళ్ళీ మనసు పోదు. కానీ రెండోసారి తెచ్చినప్పుడు, అమ్మ గురించి రాసినవాళ్ళ దగ్గర అమ్మ వేరుగా ఉంటోంది. ఊరి చెరువు గురించి రాసినవాళ్ళ దగ్గర ఆ చెరువుకి గట్టు, మెట్లు, బట్టలుతికే బండ వచ్చి చేరుతున్నాయి.

ఈ ప్రసంగం వింటున్న ఉపాధ్యాయులకు, లెక్చరర్లకు నాదొక విన్నపం. ఏడాదికి ఒక్క వ్యాసమైనా పిల్లల చేత రెండుసార్లు రాయించండి. క్లాసులో అరవై మంది ఉంటే అన్నీ దిద్దడం ఎంత కష్టమో నాకు తెలుసు. అన్నీ దిద్దనక్కర్లేదు. పెన్సిల్‌తో నాలుగు చుక్కలు పెట్టి, ఒక్క ప్రశ్న అడిగి, కాగితం వెనక్కి ఇవ్వండి చాలు. వ్యాసరచన పోటీలు పెట్టేవాళ్ళు కూడా గెలిచినవాళ్ళకి బహుమతి ఇచ్చేముందు వాళ్ళ వ్యాసం వాళ్ళకి ఇచ్చి, నెల గడువిచ్చి, మళ్ళీ రాయమనండి. ఆ రెండోదాన్నే అచ్చువేయండి.

వచ్చే శనివారం నుంచి మా గుంపులో కన్యాశుల్కం రెండు కూర్పుల్నీ ఒక్కొక్క రంగం చొప్పున పైకి చదువుతూ పోల్చబోతున్నాం. రెండో కూర్పు మొదలయ్యేది మా ఊరి బొంకులదిబ్బ దగ్గరే కాబట్టి మొదటి రంగం అక్కడికే వెళ్ళి చదవాలనుకుంటున్నాం. గిరీశం మాటలు చదవడానికి ఇద్దరు ముగ్గురు పోటీ పడుతున్నారు. మధురవాణి మాటలు నేను చదువుతానని ముందే చెప్పి పెట్టుకున్నాను.